మూడు క్యాంపస్‌ల లైబ్రరీలు ఒకటైన ఏడాది: నంబర్ల నుంచి రాక్‌ల దాకా

తిరుపతిలో ప్రధాన క్యాంపస్, ఊరి బయట ఇంజినీరింగ్ క్యాంపస్, చిత్తూరులో పీజీ కేంద్రం. మూడింటికీ విడివిడిగా లైబ్రరీలు, వాటికి తోడు డిపార్ట్‌మెంట్ల బీరువాల్లో పెరిగిన చిన్న లైబ్రరీలు. వీటన్నింటినీ ఒకే వ్యవస్థ కిందికి తెమ్మని ఉత్తర్వు వచ్చాక ఏడాది పాటు సాగిన పని గురించి రాస్తున్నాను. విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అవసరం లేదు. ఇలాంటి పని నెత్తిన పడినవాళ్లకు కావలసింది ఏది ముందు చేయాలి, ఏది వెనక చేయాలి, ఎక్కడ ఏం చెడుతుంది అన్న వివరమే.

ఉత్తర్వు రాగానే అందరి ఆలోచనా రాక్‌ల మీదికీ పోస్టుల మీదికీ పోతుంది. ఏ గది ఖాళీ అవుతుంది, ఎవరు ఎటు బదిలీ అవుతారు అని. సహజమే. కానీ పుస్తకం కదలడం చివర్న జరగాల్సిన పని. రికార్డు సరికాక ముందే కదిలిన పుస్తకం కొత్త చోట ఉన్నా లేనట్టే. వెతుక్కోవడానికి దాని పాత చోటు కూడా మిగలదు. అందుకే కమిటీ మొదటి సమావేశంలోనే వేసవి సెలవుల దాకా ఒక్క బీరువా కూడా జరపకూడదని తీర్మానం రాయించాం. గదులు ఎప్పుడు ఖాళీ అవుతాయా అని చూస్తున్న విభాగాల నుంచి ఒత్తిడి వచ్చినా ఆ తీర్మానం కాగితం మీద ఉండటం వల్లే నిలబడగలిగాం.

మొదలుపెట్టాల్సింది యాక్సెషన్ నంబర్లతో, అంటే లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకానికీ రిజిస్టరులో ఇచ్చే వరుస నంబర్లతో. ప్రతి లైబ్రరీ తన రిజిస్టరును 1తో మొదలుపెట్టి ఉంటుంది కాబట్టి 4512 అనే నంబరు మూడు క్యాంపస్‌లలోనూ ఉంటుంది. డిపార్ట్‌మెంట్లు సొంత రిజిస్టర్లు రాసుకుని ఉంటే అక్కడా ఉంటుంది. ఎవరి కొట్టు వారిదైనంత కాలం దీనితో ఇబ్బంది లేదు. ఒకే డేటాబేస్‌లోకి రాగానే రెండో 4512ను సాఫ్ట్‌వేర్ తిప్పికొడుతుంది. లేదా డేటా ఎక్కించేవాళ్లు తొందరపడి పాత రికార్డు మీదే కొత్తది రాసేస్తారు. ఈ రెండోది ప్రమాదం, ఎందుకంటే ఎవరైనా ఆ పుస్తకం అడిగే దాకా అది బయటపడదు.

అన్నింటికీ 1 నుంచి కొత్త వరుస ఇచ్చేస్తే పోతుంది కదా అనే సూచన ఎక్కడైనా వస్తుంది. ఒప్పుకోకూడదు. యాక్సెషన్ నంబరు ఆడిట్‌కు సాక్ష్యం. బిల్లు మీద, రిజిస్టరులో, టైటిల్ పేజీ వెనక, సీక్రెట్ పేజీ (పుస్తకం లోపల ముద్ర వేయడానికి లైబ్రరీ ఎంచుకునే పేజీ) మీద ఉన్నది అదే. దాన్ని మారిస్తే దశాబ్దాల బిల్లులకూ పుస్తకాలకూ లంకె తెగిపోతుంది. మేం పాత నంబరును తాకకుండా, బార్‌కోడ్ కోసం మాత్రం ఎనిమిదంకెల సంఖ్య తయారుచేసుకున్నాం. మొదటి అంకె క్యాంపస్‌ది, మిగతా ఏడు అంకెలు పాత నంబరు, ఖాళీలకు సున్నాలు. చిత్తూరుకు 3 కేటాయించాం కాబట్టి అక్కడి 4512 బార్‌కోడ్‌లో 30004512 అయింది. డిపార్ట్‌మెంట్ పుస్తకాలకు 5తో మొదలయ్యే వరుస: 5, ఆ తర్వాత రెండంకెల డిపార్ట్‌మెంట్ కోడ్, తర్వాత అయిదంకెల నంబరు. మొదటి అంకె మాత్రం సున్నా కాకూడదు. ఎక్సెల్ షీటు ముందున్న సున్నాలను తినేస్తుంది, ఎనిమిదంకెల సంఖ్య నాలుగంకెలై మళ్లీ పాత గొడవే తిరిగొస్తుంది. క్యాంపస్ గుర్తుగా ఇంగ్లిష్ అక్షరాలు పెట్టడమూ మంచిది కాదు. స్కానర్ పనిచేయని రోజున చేత్తో కొట్టేటప్పుడు పెద్దబడి, చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) అక్షరాల తేడాలు వస్తాయి.

లేబుళ్ల సంగతి చిన్నదే గాని ఖర్చు అక్కడే వృథా అవుతుంది. కోడ్ 128 రకం బార్‌కోడ్, 50 × 25 మిల్లీమీటర్ల లేబుల్, రిబ్బన్‌తో పనిచేసే థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటరు. రిబ్బన్ లేకుండా వేడితోనే అచ్చయ్యే లేబుల్ చవక, కానీ మన ఎండకు కిటికీ పక్క అరల్లో అది వెలిసిపోతుంది లేదా మొత్తం నల్లబడుతుంది. లేబుల్‌ను వెనక అట్ట బయటివైపు, పై మూలన అతికిస్తే స్టాక్ వెరిఫికేషన్‌లో పుస్తకం తెరవకుండానే స్కాన్ చేయొచ్చు. లోపలి పేజీలో అతికిస్తే ప్రతి పుస్తకాన్నీ తెరవాలి, వేల పుస్తకాల మీద ఆ తేడా రోజుల్లోకి వెళుతుంది.

సాఫ్ట్‌వేర్‌గా కోహా తీసుకున్నాం. 2000 జనవరిలో న్యూజిలాండ్‌లోని ఒక ప్రాంతీయ గ్రంథాలయంలో వాడుకలోకి వచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. విశ్వవిద్యాలయ లైబ్రరీలకు సేవలందించే గాంధీనగర్ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ తయారుచేసే సోల్ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కూడా మన విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఉంది. మేం కోహా ఎంచుకున్నది శాఖల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం అందులో వివరంగా అమర్చుకోవచ్చని. క్యాటలాగు రికార్డులో ఒక్కో వివరానికి నంబరుతో ఒక గడి, అంటే ఫీల్డు, ఉంటుంది. ఇక్కడ తెలుసుకోవాల్సింది 952 ఫీల్డు. పుస్తకం ఒక్కో కాపీకీ ఒక 952 ఉంటుంది. అందులో ‘ఎ’ సబ్‌ఫీల్డు పుస్తకం సొంత శాఖ, ‘బి’ అది ఇప్పుడున్న శాఖ, ‘పి’ బార్‌కోడ్, ‘ఓ’ కాల్ నంబరు, అంటే అరలో పుస్తకం చోటు చెప్పే నంబరు. పాత యాక్సెషన్ నంబరుకు ‘ఐ’ సరిపోతుంది. డేటా ఎక్కించేటప్పుడు ‘ఎ’, ‘బి’ రెండింటిలోనూ తిరుపతి అని నింపేస్తే చిత్తూరు అరలో ఉన్న పుస్తకం తిరుపతిలో దొరుకుతుందని క్యాటలాగు చెబుతుంది. విద్యార్థి 70 కిలోమీటర్లు బస్సులో వచ్చి ఖాళీ చేతులతో వెళతాడు.

సెట్టింగుల్లో మూడు ముందే తేల్చుకోవాలి. ‘ఇండిపెండెంట్ బ్రాంచెస్’ ఆన్‌లో ఉంటే ఒక శాఖ సిబ్బంది ఇంకో శాఖ ప్రతులను సరిదిద్దలేరు. విలీనం ఉద్దేశమే దెబ్బతింటుంది, కాబట్టి ఆఫ్‌లో ఉంచాలి. ‘సర్క్ కంట్రోల్’ దగ్గర ఎవరి నియమాలు వర్తిస్తాయో చెప్పాలి: పుస్తకం ఇచ్చే కౌంటరువా, సభ్యుడి శాఖవా, పుస్తకం శాఖవా. ఇది తేల్చకపోతే ఒకే విద్యార్థికి ఒక చోట 14 రోజులు, ఇంకో చోట 30 రోజులు గడువు వస్తుంది. మేం సభ్యుడి శాఖ నియమం పెట్టాం. మూడోది, వేరే శాఖలో తిరిగిచ్చిన పుస్తకం సొంత శాఖకు పోవాలా, ఇచ్చినచోటే ఉండిపోవాలా అన్నది. టెక్స్ట్‌బుక్కులను ఇచ్చినచోటే ఉండనిస్తే రవాణా తగ్గుతుందనిపిస్తుంది. కానీ సెమిస్టర్ చివర ఊళ్లకు వెళ్లే విద్యార్థులు తిరుపతి బస్టాండుకు దగ్గరని ప్రధాన క్యాంపస్‌లోనే అన్నీ ఇచ్చిపోతారు. వచ్చే సెమిస్టర్ మొదట్లో చిత్తూరు అరలు ఖాళీ. అందుకని అన్నీ సొంత శాఖకే తిరిగి పోయేలా పెట్టాం.

డేటా ఎక్కించే ముందు లెక్క కుదరాలి. రిజిస్టరులోని చివరి నంబరు ఎంతో, డేటాబేస్‌లో ఉన్నవి, రద్దు చేసినవి, కనబడనివి, ఇంకా ఎక్కించనివి కలిపి అంతే కావాలి. ఈ కూడిక కుదరకుండా ముందుకు పోతే తర్వాత కనబడని ప్రతి పుస్తకానికీ కొత్త సాఫ్ట్‌వేరే కారణమవుతుంది. చివరికి సిబ్బందిని నిలదీస్తారు.

తెలుగు పుస్తకాల డేటా గురించి ఎక్కువగా చెప్పాలి. ఇంగ్లిష్ పుస్తకమైతే ఐఎస్‌బీఎన్ కొట్టి వేరే లైబ్రరీల నుంచి రికార్డుల మార్పిడికి వాడే జెడ్39.50 పద్ధతి ద్వారా రికార్డు తెచ్చుకోవచ్చు. తెలుగులో పాత పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ ఉండదు, బయట మంచి రికార్డులూ తక్కువ. మూడు క్యాంపస్‌లలో తెలుగు డేటా మూడు రకాలుగా ఉంది. ఒక చోట ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో. ఒక చోట పాత డీటీపీ ఫాంటులో కొట్టినది, ఆ ఫాంటు లేకపోతే తెర మీద చెత్తగా కనిపిస్తుంది. ఒక చోట యూనికోడ్. ఫాంటు డేటాను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చవచ్చు, కానీ వత్తులు, క్రావడి గుర్తులు, ‘శ్రీ’ వంటివి తరచూ తప్పుతాయి. మార్చిన ప్రతి పేరునూ తెలుగు బాగా వచ్చిన మనిషి పుస్తకం ఎదురుగా పెట్టుకుని చూడాల్సిందే. ఈ పనికి తెలుగు శాఖ పరిశోధక విద్యార్థులను గౌరవ వేతనం మీద పెట్టుకోవడం కంప్యూటర్ ఏజెన్సీకి ఇవ్వడం కన్నా మేలు.

యూనికోడ్ అయినంత మాత్రాన వెతికితే దొరుకుతుందని కాదు. ‘వెంకటేశ్వర’, ‘వేంకటేశ్వర’ రెండూ సరైనవే, రెండూ తిరుపతి పుస్తకాల మీద కొల్లలు. ‘కళ్ళు’ అని వెతికితే ‘కళ్లు’ రాదు. పొల్లు తర్వాత కంటికి కనబడకుండా ఉండే జోడింపు నిరోధక గుర్తు ఒక రికార్డులో ఉండి ఇంకో దానిలో లేకపోతే ఆ రెండూ యంత్రానికి వేర్వేరు మాటలు. పుస్తకం పేరును అచ్చయినది అచ్చయినట్టే 245 ఫీల్డులో ఉంచి, రెండో రూపాన్నీ ఇంగ్లిష్ లిపి రూపాన్నీ 246లో ఇచ్చాం. రచయితల పేర్లకు అథారిటీ రికార్డు (ఒక్కో పేరుకు ఖాయం చేసిన రూపం చూపే రికార్డు) చేసి మిగతా రూపాలను 400లో చూపించాం. కోహాలో వెతుకులాటకు జీబ్రా ఇండెక్సు వాడేవాళ్లు యూనికోడ్ కోసం ఉన్న ఐసీయూ పద్ధతి పెట్టుకోవాలి, లేకపోతే తెలుగు మాటలను విడగొట్టడం సరిగా జరగదు. అమర్చిన తర్వాత ఇండెక్సు మొత్తం మళ్లీ కట్టాలి.

ఇంటిపేర్లు ఇంకో చిక్కు. డేటా ఏజెన్సీలు ఇంగ్లిష్ పద్ధతిలో చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి. దాంతో రెడ్డి, రావు, శాస్త్రి, నాయుడు అన్న నాలుగు మాటల కింద వందల మంది రచయితలు గుమికూడతారు, అసలు ఇంటిపేరు పొడి అక్షరమై వెనక్కి పోతుంది. పుస్తకం వీపు మీద అతికించే స్పైన్ లేబుల్ మీద కూడా అదే వస్తే, పుస్తకాలను విషయాల వారీగా అంకెలతో విడదీసే డ్యూయీ పద్ధతిలో 894.827 దగ్గర, అంటే తెలుగు సాహిత్యం దగ్గర, అరలు అరలుగా ‘రావ్’ లేబుళ్లే కనబడతాయి. తెలుగు పుస్తకాలకు ఇంటిపేరుతోనే ఎంట్రీ అని రాతపూర్వకంగా నియమం పెట్టుకుని, ఏజెన్సీ ఒప్పందంలో ఆ వాక్యం చేర్పించాలి. ఓపెన్ రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దగ్గర దగ్గర పేర్లను గుంపులుగా చూపించే సౌకర్యం ఈ ఏరివేతలో చాలా శ్రమ తగ్గించింది.

చిత్తూరులో తమిళ పుస్తకాలు గణనీయంగా ఉన్నాయి, సరిహద్దు జిల్లా కదా. 894.811 కింద వచ్చే ఆ పుస్తకాల క్యాటలాగింగ్‌ను కేంద్రానికి తేకుండా అక్కడే ఉంచాం. తమిళం చదవగలిగిన సిబ్బంది ఉన్నది అక్కడే.

వర్గీకరణ దగ్గర ఆశ తగ్గించుకోవడం మంచిది. ఒక క్యాంపస్‌లో డ్యూయీ, ఇంకో చోట పాత పుస్తకాలకు ఎస్.ఆర్. రంగనాథన్ రూపొందించిన కోలన్ వర్గీకరణ పద్ధతి. అన్నింటినీ డ్యూయీలోకి మార్చాలని కమిటీలో పట్టుబట్టినవాళ్లున్నారు. ఒక్కో పుస్తకానికి కొత్త నంబరు ఆలోచించాలి, రికార్డు దిద్దాలి, లేబుల్ చింపి కొత్తది వేయాలి, కొత్త అరలో పెట్టాలి. ఏళ్ల తరబడి ఎవరూ తీయని పుస్తకానికి ఈ శ్రమ పెట్టడం సరికాదని నా గట్టి అభిప్రాయం. కోలన్ వరుసను అక్కడితో మూసేశాం. అవి విడి వరుసగా, వేరే రంగు లేబుల్‌తో ఉంటాయి. గత అయిదేళ్లలో ఒక్కసారైనా ఇష్యూ అయినవి మాత్రం డ్యూయీలోకి మారాయి. ఇక మీదట ఇష్యూ అయినది తిరిగి వచ్చినప్పుడు కౌంటరు పక్కన ట్రేలోకి పోతుంది, అరలోకి కొత్త నంబరుతో వెళుతుంది.

సభ్యుల రికార్డులు చూడటానికి తేలిక, కానీ విద్యార్థులతో మాట పడేది ఇక్కడే. పీజీ చిత్తూరులో చేసి పీహెచ్‌డీకి తిరుపతి వచ్చినవారికి రెండు సభ్యత్వాలుంటాయి. రెండింటిలోనూ బకాయిలు ఉండొచ్చు. పేరుతో కలపకూడదు, ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్నవారు కూడా ఉంటారు. హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ, ఫోను మూడింటిలో రెండు కలిస్తేనే కలపాలి. పాత సాఫ్ట్‌వేర్ ఆపే రోజును ముందే ప్రకటించి, ఆ తేదీకి బయట ఉన్న పుస్తకాలన్నింటికీ గడువు పొడిగించి కొత్తదానిలోకి ఎక్కించాం. లేకపోతే మార్పిడి జరిగే రోజులకు కూడా జరిమానా పడి, “ఇచ్చేసినా కదన్నా, ఇంకా నా పేరు మీదే చూపిస్తా ఉంది” అంటూ కౌంటరు ముందు వరుస కడతారు. మార్పిడి రోజుల్లో వచ్చిన పుస్తకాలకు ముద్రిత రసీదు పుస్తకం వాడాలి. నో డ్యూస్ ధ్రువపత్రం మాత్రం ఒకే చోట నుంచి ఇవ్వాలి, మూడు శాఖల బకాయిలూ ఒకే తెర మీద చూసి.

సెలవుల క్యాలెండర్ శాఖకు ఒకటి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక తిరుపతి, చిత్తూరు వేర్వేరు జిల్లాలు. నవంబరు వానల్లో ఒక కలెక్టరు సెలవు ప్రకటిస్తే రెండో జిల్లాలో కాలేజీలు నడుస్తుండవచ్చు. ఆ సెలవును సంబంధిత శాఖ క్యాలెండర్‌లో అదే రోజు నమోదు చేసే బాధ్యత ఎవరిదో పేరుతో రాసి ఉండాలి. లైబ్రరీ మూసి ఉన్న రోజుకు విద్యార్థి జరిమానా కట్టడం న్యాయం కాదు.

డిపార్ట్‌మెంట్ లైబ్రరీలు. ఇక్కడ పుస్తకాల కన్నా మనసులు సున్నితం. ఆచార్యులు ప్రాజెక్టు నిధులతో కొనుక్కొచ్చి, ఏళ్లుగా విద్యార్థులకు చేతికిచ్చి చదివించిన పుస్తకాలు అవి. వాటిని ఒక ఉత్తర్వుతో లాక్కున్నట్టు కాకూడదు. మేం చేసిన ఏర్పాటు ఇది: యాజమాన్యం లైబ్రరీది, రికార్డు క్యాటలాగులో, పుస్తకం మాత్రం శాశ్వత డిపార్ట్‌మెంట్ ఇష్యూ కింద అక్కడే ఉండొచ్చు, ఒక పరిమితికి లోబడి. ఏ పుస్తకాలు ఉంచుకోవాలో ఆ విభాగమే ఎంచుకుంటుంది. ఉంచుకున్నవాటిని ఏటా ఒకసారి స్కాన్ చేసి చూపాలి. అలాగే వ్యక్తుల పేర్ల మీద ఏళ్లుగా ఉన్న పుస్తకాలకు స్వయంగా చెప్పుకునే గడువు ఇచ్చాం: జాబితా ఇస్తే చాలు, జరిమానా లేదు. పదవీ విరమణ ముందు నో డ్యూస్ దొరక్క పింఛను కాగితాలు ఆగే బాధ అందరికీ తెలుసు. అందువల్ల ఈ గడువుకు స్పందన బాగా వచ్చింది.

రద్దు చేసే పని ఎవరికీ ఇష్టం ఉండదు, భయమూ ఉంటుంది. మా కొలత కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లోని 215వ నియమం. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు వాటి సొంత నియమాలున్నా ఆడిట్ ముందు ఇది మంచి ఆధారం. 20,000 సంపుటాల దాకా ఏటా పూర్తి తనిఖీ, 20,000 నుంచి 50,000 దాకా మూడేళ్లకొకసారి, 50,000 దాటితే మూడేళ్లకు మించని వ్యవధిలో నమూనా తనిఖీ అంటుంది. ఏడాదిలో ఇష్యూ అయిన లేదా చదవడానికి తీసిన ప్రతి వెయ్యి సంపుటాలకు అయిదు పోవడాన్ని, నిర్లక్ష్యం, అక్రమం లేనంత వరకు, సహజ నష్టంగా చూడమంటుంది. 1,000 రూపాయలు దాటిన పుస్తకమైనా, ధరతో పని లేకుండా అరుదైన పుస్తకమైనా పోతే విచారణ తప్పనిసరి. ఈ నియమాన్ని తెలుగులో ఒక పేజీగా రాసి సిబ్బంది అందరికీ ఇచ్చాం. పోయిన ప్రతి పుస్తకానికీ తమ జీతం నుంచి కోత పడుతుందన్న భయంతో అరలు తాళం వేసే అలవాటు దీని తర్వాతే సడలింది. రద్దయిన పుస్తకానికి టైటిల్ పేజీ, సీక్రెట్ పేజీ రెండింటి మీదా ముద్ర, రిజిస్టరులో ఎర్ర సిరాతో ఉత్తర్వు నంబరు, తేదీ ఉండాలి. సీక్రెట్ పేజీ మీద ముద్ర మరిచిపోతే అదే పుస్తకం పాత పుస్తకాల కొట్టు నుంచి ‘దొరికిన పుస్తకం’గా తిరిగొస్తుంది.

సిబ్బంది విషయానికి వస్తే, ఇంతకుముందు ప్రతి క్యాంపస్‌లో కొనుగోలు, సాంకేతిక విభాగం, ఇష్యూ కౌంటరు, పత్రికలు అన్నీ ఉండేవి, చాలాచోట్ల ఒకే మనిషి అన్నీ చేసేవారు. కొత్త ఏర్పాటులో కొనుగోలు, క్యాటలాగింగ్ ఒక బృందానికి వచ్చాయి, పాఠకులతో పని మూడు చోట్లా ఉంది. దీనిలో సహజంగా వచ్చే చిక్కు కేంద్రం దగ్గర పుస్తకాలు పేరుకుపోవడం. చిత్తూరు కోసం కొన్న పుస్తకం తిరుపతిలో క్యాటలాగ్ అయ్యి వెళ్లేసరికి సెమిస్టర్ సగం అయిపోతుంది. కాబట్టి క్యాటలాగింగ్ కోసం పుస్తకం ప్రయాణం చేయకూడదు. విక్రేత ఏ శాఖకు కొన్నామో అక్కడే దించుతాడు. అక్కడే యాక్సెషన్, బార్‌కోడ్ పూర్తవుతాయి. టైటిల్ పేజీ, దాని వెనక పేజీ, విషయసూచికల ఫోటోలు కేంద్రానికి వస్తాయి. కేంద్రం రికార్డు చేసి కాల్ నంబరు పంపితే అక్కడే లేబుల్ అచ్చు వేస్తారు.

ఉత్తర్వుల్లో పోస్టు పేరుతో పాటు చేయాల్సిన పని, సెలవు పెడితే బదులు ఎవరు అన్నది ఉండాలి. రెగ్యులర్ వారు, టైమ్ స్కేల్ వారు, రాష్ట్ర ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థ ఆప్కాస్ ద్వారా వచ్చిన ఔట్‌సోర్సింగ్ వారు ఒకే కౌంటరులో కూర్చుంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఎవరికి ఏ అనుమతి అన్నది హోదాను బట్టి కాక పనిని బట్టి ఇవ్వాలి, అది కూడా ఎవరి లాగిన్ వారికే. ఒకే పాస్‌వర్డ్ అందరూ వాడితే రేపు జరిమానా మాఫీ ఎవరు చేశారో తేలదు, అనుమానం మాత్రం ఔట్‌సోర్సింగ్ వారి మీదికే పోతుంది. శిక్షణ రెండు గంటల ఉపన్యాసంగా కాక, పరీక్షా సర్వర్ మీద చేతులతో చేయించాలి. రికార్డ్ అసిస్టెంట్లు, అటెండర్లు చాలామంది ఏ పుస్తకం ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలవారు. వాళ్లకు స్కానర్ అందిస్తే మిగతా అందరికన్నా వేగంగా స్టాక్ సరిచూశారు.

ఇక పుస్తకాలు కదిలించడం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తిరుపతిలో బ్రహ్మోత్సవాల రోజుల్లో లారీ కదలడమే కష్టం. పరీక్షలు అయ్యాక ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి దాకా సరైన కాలం. ఎండకు మనుషులు అలిసిపోతారు కాబట్టి పని ఉదయం ఆరు నుంచి పదకొండు, మళ్లీ సాయంత్రం.

ముందు నేల బలం చూడాలి. ఖాళీగా ఉన్న తరగతి గదిని స్టాక్ గదిగా మార్చడం అందరికీ తట్టే ఉపాయం. భవనాల భారాల గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం తరగతి గదికి తీసుకునే భారం చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్లు, అంటే సుమారు 300 కిలోలు. లైబ్రరీ స్టాక్ గదికి 2.2 మీటర్ల ఎత్తు దాకా 6 కిలోన్యూటన్లు, ఆపైన ఎత్తు పెరిగే కొద్దీ ఇంకా. అంటే పై అంతస్తు తరగతి గదిలో వరుసగా రాక్‌లు వేస్తే అది మోయాల్సిన దానికి రెట్టింపు. ఇంజినీరింగ్ విభాగం నుంచి రాతపూర్వక ధ్రువీకరణ లేకుండా పై అంతస్తులో స్టాక్ పెట్టకూడదు. కింది అంతస్తయితే ఈ బాధ లేదు, కానీ చెదలు, గోడ చెమ్మ చూసుకోవాలి. రాక్‌ను గోడకు కనీసం ఒక జానెడు దూరంగా ఉంచాలి.

కొలత పుస్తకాల లెక్కతో కాదు, మీటర్లతో. టేపు పట్టుకుని ప్రతి అరలో పుస్తకాలు ఆక్రమించిన పొడవు రాసుకోవాలి. 90 సెంటీమీటర్ల వెడల్పు, అయిదు అరల రాక్ ఒక ముఖానికి 4.5 మీటర్లు. పావు వంతు పెరుగుదలకు వదిలితే మిగిలేది 3.4 మీటర్లు. మీటరుకు 30 పుస్తకాలు వేసుకుంటే ఒక ముఖానికి వంద. పదివేల పుస్తకాలకు రెండు ముఖాల రాక్‌లు యాభై కావాలి. ఖాళీ వదలకుండా కిక్కిరిసి నింపితే మొదటి సెమిస్టర్‌లోనే కొత్త పుస్తకాలు పట్టక అర మీద అడ్డంగా పేర్చడం మొదలవుతుంది, అక్కడితో వరుస పోతుంది. పత్రికల సంచికలు కలిపి బైండు చేసిన బౌండ్ వాల్యూములు ఇంకా మందం, ఇంకా బరువు. వాటికి విడిగా లెక్క వేసి కింది అరలకే పంపాలి.

పురికొసతో కట్టలు కడితే అట్టల అంచులు తెగుతాయి. నవారు వంటి వెడల్పాటి పట్టీ గాని, 15 కిలోలు మించని చిన్న అట్టపెట్టెలు గాని వాడాలి. పెద్ద పెట్టెలో ఎక్కువ పడతాయి కదా అని నింపితే అడుగు ఊడిపోతుంది, లేదా మోసేవారి నడుము పోతుంది. ప్రతి పెట్టె మీద రెండు నంబర్లు: పాత రాక్-అర, కొత్త రాక్-అర. కొత్త రాక్‌ల మీద కూడా అవే నంబర్లు ముందు రోజే అతికించి ఉంచాలి. లారీలో చివర ఎక్కినవి మొదట దిగుతాయి కాబట్టి వరుస చివరి రాక్ నుంచి ఎక్కించడం మొదలుపెట్టాలి. దించాక వరుసలు కుదిర్చేవారు లైబ్రరీ సిబ్బందే అయ్యుండాలి. హమాలీలకు పెట్టె నంబరు చూసి సరైన రాక్ ముందు దించడం వరకే అప్పగించాలి. చెదలు, పురుగు కనబడిన పెట్టెలను లోపలికి రానీయకుండా వేరే గదిలో ఉంచి పెస్ట్ కంట్రోల్ అయ్యాకే తీసుకోవాలి. ఒక్క పెట్టె వల్ల పాడైన వరుసలు ఏ పాత లైబ్రరీలోనైనా చూడొచ్చు.

శాఖల మధ్య రోజువారీ రవాణాకు కొత్త వాహనం అడగలేదు. చంద్రగిరి, పూతలపట్టు మీదుగా చిత్తూరు వెళ్లే విశ్వవిద్యాలయ బస్సులో వారానికి రెండు సార్లు మూత ఉన్న ప్లాస్టిక్ క్రేట్లు పంపుతాం. ప్రతి క్రేట్‌లో బార్‌కోడ్‌ల చీటీ రెండు ప్రతులు. అందుకున్నవారు కాగితం చూసి సంతకం పెట్టి ఊరుకుంటే చాలదు, స్కాన్ చేయాలి. చేయకపోతే ఆ పుస్తకం క్యాటలాగులో ఎప్పటికీ ‘దారిలో’ ఉంటుంది. ఏడు రోజులు దాటి దారిలో ఉన్నవాటి రిపోర్టు ప్రతి సోమవారం మూడు శాఖలకూ తనంతట తానే వెళ్లేలా పెట్టాక ఈ సమస్య అదుపులోకి వచ్చింది.

పత్రికల చందాలు అదే కాలంలో తేల్చాల్సి వచ్చింది. ఒకే దేశం, ఒకే చందా పథకాన్ని కేంద్ర కేబినెట్ 2024 నవంబరు 25న ఆమోదించింది. 2025 జనవరి 1 నుంచి 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు ఆన్‌లైన్‌లో అందుబాటులోకి వచ్చాయి. సమన్వయం ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ది. మూడు క్యాంపస్‌ల ఇంటర్నెట్ ఐపీ చిరునామాలు అన్నీ నమోదు చేశామా అన్నది చూసుకోవాలి, లేకపోతే ఒక క్యాంపస్‌లో తెరుచుకున్న వ్యాసం ఇంకోచోట డబ్బు అడుగుతుంది. ఇంటి నుంచి చదివేవారికి ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇన్‌ఫెడ్ లాగిన్ ఇవ్వాలి. ఇక ప్రింట్ చందాలన్నీ ఆపేయవచ్చని ఆర్థిక విభాగం అనుకోవడం సహజం. పథకం జాబితాతో మన జాబితాను ఐఎస్ఎస్ఎన్ నంబరుతో (ఒక్కో పత్రికకు ఉండే గుర్తింపు సంఖ్య) పోల్చి, రెండింటిలో ఉన్నవి మాత్రమే ఆపాలి. తెలుగు పత్రికలు, మన దేశంలోని చిన్న విద్వత్ సంఘాల పత్రికలు అందులో ఉండవు. మూడు చోట్లా వస్తున్న వాటిని మాత్రం ఒక్క ప్రతికి తగ్గించాం.

ఆర్ఎఫ్ఐడీ, అంటే రేడియో తరంగాలతో చదివే చిప్ ట్యాగుల గురించి అందరూ అడుగుతారు. విలీనం జరుగుతున్న ఏడాదిలో వద్దంటాను. ట్యాగులో రాసేది బార్‌కోడ్ నంబరే, ఆ నంబరు స్థిరపడక ముందే లక్షలు పెట్టి అతికించడంలో అర్థం లేదు. పైగా 13.56 మెగాహెర్ట్జ్ ట్యాగులు స్టీలు రాక్ చివరి పలకకు ఆనుకుని ఉంటే చదవబడవు. అతికించే చోటు, రాక్ అమరిక రెండూ కలిపి ఆలోచించాలి.

ఏడాది చివర మూడు శాఖల్లోనూ ఒకేసారి స్టాక్ వెరిఫికేషన్ పెట్టాం. కోహాలో ఇన్వెంటరీ అనే పరికరం ఉంది. అర అరగా స్కాన్ చేసిన బార్‌కోడ్ ఫైలు ఎక్కిస్తే ఉండాల్సి ఉండి లేనివి, ఇష్యూ అయినట్టు చూపిస్తూ అరలోనే ఉన్నవి, వేరే శాఖవి విడివిడిగా చూపిస్తుంది. కనబడలేదన్న జాబితాను చూసి కంగారు పడకుండా ముందు పక్క అరలు, బైండింగ్ కట్టలు, డిపార్ట్‌మెంట్ బీరువాలు వెతకాలి. ఇలా రెండో విడతలో దొరికేవి ఎక్కువ. ఆ తర్వాతే కనబడనివిగా గుర్తు పెట్టాలి, అది కూడా పుస్తకం రికార్డు తీసేయకుండా.

పాత సర్వర్లను తీసేయలేదు. చదవడానికి మాత్రమే వీలుండేలా మార్చి, డేటా ప్రతిని ఇంకో క్యాంపస్‌లో కూడా ఉంచాం. తదుపరి ఆడిట్ పూర్తయ్యే దాకా అవి ఉంటాయి. యాక్సెషన్ రిజిస్టర్లు, రద్దు ఉత్తర్వుల ఫైళ్లు మాత్రం కాగితం మీదే, తాళం ఉన్న బీరువాలో, మూడు క్యాంపస్‌లలోనూ కొనసాగుతున్నాయి. కోలన్ వరుసలో మిగిలిన పుస్తకాలు, చిత్తూరు తమిళ విభాగంలోని పాత పత్రికల బౌండ్ వాల్యూములు ఇంకా కొత్త క్యాటలాగులోకి ఎక్కాల్సి ఉంది. వాటి పని వచ్చే వేసవికి పెట్టుకున్నాం.